కృష్ణపట్నం పొగ ఎవరి లెక్కలో? నెల్లూరు తీరంలో కర్బన ఉద్గారాలు, భూమి, కులం

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న ప్రభుత్వ థర్మల్ విద్యుత్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆయన దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టి, 1960 జనవరి నుంచి 1962 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్‌ను పాలించారు. భూమి లేని పేదలకు బంజరు భూములు పంచాలన్న ఆలోచనను పాలనలో ముందుకు తెచ్చిన నాయకుడిగా ఆయన్ని గుర్తు చేసుకుంటాం. ఆ పేరు ఇవాళ రాష్ట్రంలో అత్యధికంగా బొగ్గు మండించే కేంద్రాల్లో ఒకదాని గేటు మీద ఉంది.

పేరు దళితుడిది. మరి ఆ కేంద్రం కరెంటు ఎవరికి వెళ్తోంది, దాని బూడిద ఎవరి ఊళ్ల మీద పడుతోంది, దాని కింద ఉన్న నేల ఎవరి చేతుల్లోంచి ఎంత ధరకు పోయింది? కర్బన ఉద్గారాల గురించి చదివేటప్పుడు ఈ ప్రశ్నలు సాధారణంగా కనిపించవు. టన్నులు, శాతాలు, 2070 నాటి లక్ష్యాలు కనిపిస్తాయి. ఆర్థిక, రాజకీయ కారణాలు ఉద్గారాలను ఎలా పెంచుతాయో, ఎలా తగ్గిస్తాయో నెల్లూరు తీరం ఆధారంగా విద్యార్థులకూ కార్యకర్తలకూ వివరించడమే ఈ వ్యాసం పని. మేము చెప్పదలచింది ఒక్కటే. ఈ తీరంలో బొగ్గు కరెంటు చౌకగా కనిపించడానికి భూమి చౌకగా దొరకడం ఒక కారణం. భూమి చౌకగా దొరకడానికి కులం ఒక కారణం. కాబట్టి కులం ఉద్గారాల లెక్కకు బయటి విషయం కాదు.

తీరం మీద ఏమేం ఉన్నాయి

కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైంది. దాన్ని నవయుగ సంస్థ కట్టింది. 2020లో అదానీ సంస్థ 75 శాతం వాటా కొని, 2021లో మిగతాదీ తీసుకుంది. రేవు వచ్చాక దాని చుట్టూ బొగ్గు కేంద్రాలు వరుసగా లేచాయి.

సంజీవయ్య కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. మూడో యూనిట్‌ను 2022 అక్టోబరులో ముఖ్యమంత్రి జాతికి అంకితం చేశారు. మొత్తం 2,400 మెగావాట్లు. దీనికి దగ్గర్లోనే ముత్తుకూరు, తోటపల్లి గూడూరు మండలాల్లో సెంబ్‌కార్ప్ పేరుతో మొదలై ఇప్పుడు సీల్ ఎనర్జీగా పేరు మారిన రెండు ప్రైవేటు కేంద్రాలు ఉన్నాయి. ఒక్కోటి 1,320 చొప్పున మొత్తం 2,640 మెగావాట్లు. చిల్లకూరు మండలం తమ్మినపట్నంలో సింహపురి, మీనాక్షి అనే మరో రెండు కేంద్రాలున్నాయి. అవి అప్పుల్లో పడి, దివాలా ప్రక్రియ దాటి, చేతులు మారాయి.

ఈ బొగ్గులో కొంత ఒడిశా గనుల నుంచి రైలెక్కి, పారాదీప్ రేవులో ఓడెక్కి కృష్ణపట్నం చేరుతుంది. కొంత ఇండోనేషియా వంటి దేశాల నుంచి నేరుగా వస్తుంది. నెల్లూరు జిల్లాలో బొగ్గు గని ఒక్కటీ లేదు. రేవు, సముద్రపు నీరు, చదునైన నేల ఉన్నాయి కాబట్టి బొగ్గు ఇక్కడికి వచ్చి మండుతోంది.

టన్నుల లెక్క

ఒక కేంద్రం ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో ఎవరైనా వేసుకోగల లెక్కే. కొత్తరకం సూపర్ క్రిటికల్ బొగ్గు కేంద్రం ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. సంజీవయ్య కేంద్రం, సీల్ కేంద్రాలు కలిపి 5,040 మెగావాట్లు. అవి ఏడాది పొడవునా సగటున 60 శాతం సామర్థ్యంతో నడిచాయనుకుందాం. అప్పుడు సుమారు 2,650 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. దాంతోపాటు దాదాపు 2.4 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇది మా అంచనా మాత్రమే. నడిచిన శాతం మారితే అంకె మారుతుంది. కానీ దాని స్థాయి అర్థం కావడానికి ఇది చాలు.

ఇప్పుడు దీన్ని మనుషులతో పోల్చుదాం. భారతదేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏడాదికి సుమారు 2 టన్నులు. 2011 జనగణన నాటి నెల్లూరు జిల్లా జనాభా 29.6 లక్షలు. సగటు భారతీయుల్లాగే బతుకుతున్నారనుకుంటే జిల్లా ప్రజలందరి వాటా ఏడాదికి దాదాపు 60 లక్షల టన్నులు. అంటే ఈ మూడు కేంద్రాలు వదిలేది జిల్లా జనం వాటాకు నాలుగు రెట్లు. మిగతా మూడొంతుల పొగ ఇక్కడివాళ్ల అవసరాలది కాదు. గ్రిడ్ ద్వారా రాష్ట్రంలోని నగరాలకు, పరిశ్రమలకు, తెలంగాణకు, ఒప్పందం ప్రకారం బంగ్లాదేశ్‌కు కూడా ఇక్కడి కరెంటు వెళ్తుంది. పొగ, బూడిద మాత్రం ఇక్కడే ఉంటాయి.

ఇంకో పోలిక. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ పథకం ఉంది. దీని మీద ఎగతాళి మాటలు అప్పుడప్పుడూ వింటుంటాం. ఒక కుటుంబం ఆ 200 యూనిట్లూ ప్రతి నెలా పూర్తిగా వాడినా ఏడాదికి 2,400 యూనిట్లు. ఆ కరెంటంతా బొగ్గుదే అనుకున్నా ఉద్గారం రెండు టన్నుల పైచిలుకు. నలుగురున్న ఇంట్లో తలకు అర టన్ను. ప్రపంచ అసమానతల నివేదిక ప్రకారం అత్యధికంగా ఉద్గారాలు వదిలే 10 శాతం మంది మొత్తం ఉద్గారాల్లో దాదాపు సగానికి బాధ్యులు. వాతావరణ మార్పు భారం గురించి మాట్లాడేటప్పుడు గురి ఎటువైపు ఉండాలో ఈ రెండు అంకెలు చెబుతాయి.

పుస్తకంలోని సూత్రం, దానిలో లేనివి

ఉద్గారాలను ఆర్థిక కారణాలతో ముడిపెట్టి చూడటానికి విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వాడేది కాయా సూత్రం. జపాన్ ఇంధన ఆర్థికవేత్త యోయిచి కాయా దీన్ని రూపొందించారు. దీని ప్రకారం ఉద్గారాలు నాలుగు అంకెల గుణకారం. జనాభా ఎంత, తలసరి ఆదాయం ఎంత, ఒక్కో రూపాయి ఆదాయానికి ఎంత శక్తి ఖర్చవుతోంది, ఆ శక్తి పుట్టించడానికి ఎంత కార్బన్ వదులుతున్నాం. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా ఉద్గారాలు తగ్గుతాయి. జనాభానూ ఆదాయాన్నీ తగ్గించమని ఎవరూ అడగలేరు కాబట్టి చివరి రెండింటి మీదే విధానాలన్నీ నడుస్తాయి. పొదుపు యంత్రాలు, సౌర విద్యుత్తు, పవన విద్యుత్తు అందుకే.

సూత్రం తప్పు కాదు, అసంపూర్ణం. దానిలో సగటు మనిషే ఉంటాడు. మాలపల్లె, మాదిగవాడ, యానాదుల గిరిజన కాలనీ, నగరంలోని ఏసీ భవనం అన్నీ ఒకే సగటులో కలిసిపోతాయి. ఒక యూనిట్ కరెంటును బొగ్గుతోనే పుట్టించాలని ఎవరు, ఎప్పుడు, ఏ లాభం చూసుకుని నిర్ణయించారన్నది కూడా అందులో ఉండదు. ఆ నిర్ణయాలు నెల్లూరులో ఎలా జరిగాయో చూద్దాం.

నిర్ణయాలు ఎక్కడ జరిగాయి

2003 విద్యుత్ చట్టం థర్మల్ కేంద్రాలు పెట్టడానికి లైసెన్సు అవసరం లేకుండా చేసింది. ప్రైవేటు పెట్టుబడి తీరం మీదికి రావడానికి ఇది దారి తీసింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం అల్ట్రా మెగా పవర్ ప్రాజెక్టులు ప్రకటించింది. వాటిలో ఒకటి కృష్ణపట్నానికి వచ్చింది. 2007లో యూనిట్ రూ. 2.33 ధరకు కోట్ చేసి 4,000 మెగావాట్ల ఈ ప్రాజెక్టును రిలయన్స్ పవర్ దక్కించుకుంది. లెక్కంతా ఇండోనేషియా చౌక బొగ్గు మీద నడిచింది. 2010లో ఇండోనేషియా ప్రభుత్వం తన బొగ్గు ఎగుమతిని అంతర్జాతీయ ధరలతో ముడిపెట్టింది. 2011కల్లా కంపెనీ పని ఆపేసింది. కొనుగోలు సంస్థలు ఒప్పందం రద్దుకు నోటీసులిచ్చాయి. కేంద్రం రాలేదు. భూసేకరణ మాత్రం అప్పటికే జరిగింది.

ఆ కేంద్రం వచ్చి ఉంటే పైన వేసిన లెక్క ప్రకారమే ఏటా ఇంకో 1.9 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వచ్చేది. దాన్ని ఆపింది ఏ వాతావరణ ఒప్పందమూ కాదు. జకార్తాలో మారిన ఒక ధర నిబంధన. ఆర్థిక, రాజకీయ కారణాలు ఉద్గారాలను శాసిస్తాయనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు కనిపించలేదు. అదే ఉదాహరణ ఇంకో సంగతి కూడా చెబుతుంది. కంపెనీ లెక్క తప్పితే కంపెనీ వెనక్కి వెళ్లగలిగింది. ఆ భూమిలో కూలి చేసుకుని బతికినవాళ్లకు వెనక్కి వెళ్లే చోటు లేదు.

కట్టిన కేంద్రాల విషయంలో తాళం విద్యుత్ కొనుగోలు ఒప్పందంలో ఉంది. సాధారణంగా ఇవి 25 ఏళ్లకు రాసుకుంటారు. ధరలో రెండు భాగాలుంటాయి. ఒకటి స్థిర చార్జీ, రెండోది ఇంధన చార్జీ. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా పంపిణీ సంస్థ స్థిర చార్జీ కట్టాలి. ఆ డబ్బు ఎలాగూ కడుతున్నాం కదా అని పంపిణీ సంస్థలు బొగ్గు కరెంటు వైపే మొగ్గుతాయి. సౌర, పవన విద్యుత్తు అదనపు ఖర్చులా కనిపిస్తుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సౌర, పవన ఒప్పందాల ధరలను తగ్గించడానికి సంప్రదింపుల కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2022లో హైకోర్టు కంపెనీల వైపే తీర్పు చెప్పింది. ఆ ధరలు ఎక్కువా కాదా అన్నది వేరే చర్చ. పంపిణీ సంస్థల అప్పుల భారం ఇంధనం ఎంపికను ఎలా శాసిస్తుందో గమనించడం మన పని.

చౌక భూమి అంటే ఎవరి భూమి

తీర మండలాల్లో పోరంబోకు, బంజరు, ఉప్పు నేలలు ఎక్కువ. వీటిలో కొన్ని దశాబ్దాల తరబడి దళితులు, యానాదులు సాగు చేసుకున్నవి. వాటికి డీకేటీ పట్టాలు ఇచ్చారు. అసైన్డ్ భూమి అన్నా ఇదే. 2011 లెక్కల్లో జిల్లా జనాభాలో ఎస్సీలు 22 శాతం పైన, ఎస్టీలు 10 శాతానికి దగ్గర. ఇక్కడి ఎస్టీల్లో అత్యధికులు యానాదులు. ఈ కుటుంబాల్లో భూమి ఉన్నవాళ్లకు అది తరచూ డీకేటీ భూమే.

డీకేటీ పట్టాకు రెండు గొలుసులు ఉండేవి. మొదటిది, 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం అమ్మకూడదు. పేదల భూమి పెద్దల చేతికి పోకుండా కాపాడటానికే ఈ చట్టం వచ్చింది. రెండోది, ప్రజా ప్రయోజనానికి అవసరమైతే ప్రభుత్వం పరిహారం లేకుండానే తిరిగి తీసుకోవచ్చని పట్టాలోనే రాసిన షరతు. 1993లో జీవో 1307 వచ్చాక మార్కెట్ విలువకు సమానంగా ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలన్నారు. అది దయ కింద ఇచ్చేదే, హక్కు కాదు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ షరతును తప్పుబట్టి, అసైన్డ్ భూమికీ సొంత పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం భూయజమాని నిర్వచనంలోనే అసైన్డ్ భూమి హక్కుదారులను చేర్చింది.

కాగితం మీద సమానత్వం వచ్చింది. ధర దగ్గరికి వచ్చేసరికి చిక్కు మిగిలింది. మార్కెట్ విలువను చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లను చూసి కడతారు. అమ్మకం నిషేధించిన భూమికి రిజిస్ట్రేషన్లు ఉండవు. పేరు పోరంబోకు దగ్గర, రకం ఉప్పు నేల, సాగు వర్షాధారం అని రికార్డులో రాసిన చోట విలువ కిందే ఉంటుంది. పట్టా తాత పేరు మీద ఉండి, మనవడు సాగు చేస్తుంటే వారసత్వం నిరూపించుకోవాలి. పట్టా లేకుండా సాగు చేసుకునేవాళ్లు ఆక్రమణదారుల కింద లెక్క. భూమి లేని కూలీలు ఏ లెక్కలోనూ రారు. కృష్ణపట్నం కేంద్రాలకు భూసేకరణ జరిగిన కాలంలో అమల్లో ఉన్నది 1894 నాటి పాత చట్టం. అది యజమానిని చూసింది, కూలీని చూడలేదు.

కేంద్రం పెట్టేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇదంతా ఒకే ఒక్క అంకె. భూమి ఖర్చు. అది ఎంత తక్కువైతే కరెంటు ధర అంత చౌకగా కనిపిస్తుంది. సముద్రంలోకి వదిలే వేడి నీటికి ధర లేదు. బూడిద చెరువు పక్కన ఊరివాళ్ల దగ్గుకు ధర లేదు. ఇవన్నీ కలిస్తే బొగ్గు, సౌర విద్యుత్తుల మధ్య పోలికలో బొగ్గు గెలుస్తుంది. అలా కులం పెట్టుబడి లెక్కలోకి, అక్కడి నుంచి ఉద్గారాల లెక్కలోకి నడిచి వస్తుంది.

మత్స్యకారేతరులు

కేంద్రాల వల్ల వేట దెబ్బతిన్న గ్రామాలకు ప్యాకేజీ కావాలని తీరంలో ఏళ్ల తరబడి ఆందోళనలు నడిచాయి. మత్స్యకారులకు ఒక ప్యాకేజీ అన్నారు. మిగిలినవాళ్లకు పెట్టిన పేరు మత్స్యకారేతర ప్యాకేజీ. 2022 అక్టోబరులో మూడో యూనిట్ ప్రారంభించిన రోజే ఈ మత్స్యకారేతర కుటుంబాలకు, 16 వేలకు పైగా కుటుంబాలకు, సుమారు 36 కోట్ల రూపాయలు విడుదల చేశారు. భాగిస్తే కుటుంబానికి 22 వేల రూపాయలు.

ఈ పేరు దగ్గర కాసేపు ఆగుదాం. వాళ్లు ఏమిటో కాకుండా ఏమి కారో చెప్పే పేరు ఇది. పడవ ఉన్నవాడు మత్స్యకారుడు. కండలేరు పాయలో, ఉప్పు కాలువల్లో చేత్తో రొయ్యలు, పీతలు పట్టుకునే యానాది మనిషి ఎవరు? చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే దళిత మహిళ ఎవరు? ఉప్పు మళ్లలో, నారుమళ్లలో కూలికి పోయే కుటుంబం ఎవరు? వీళ్ల బతుకు నీటి మీద, నేల మీద ఆధారపడి ఉంది. కానీ పడవ గానీ, పట్టా గానీ చూపించలేరు కాబట్టి వీళ్లు "ఇతరులు" అయ్యారు. ఆ ప్యాకేజీ వాళ్లు పోరాడి సాధించుకున్నదే. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే 22 వేలు ఒక్కసారి ఇచ్చేది. కేంద్రం పాతికేళ్లకు పైగా మండుతుంది.

2013 చట్టం ఈ విషయంలో మెరుగు. ప్రభావిత కుటుంబం అనే మాటలో మూడేళ్లుగా అక్కడ పని చేస్తున్న వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, జలవనరుల మీద బతికేవాళ్లను చేర్చింది. సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేసింది. 2018లో ఆంధ్రప్రదేశ్ తన సవరణ చట్టంతో కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి మినహాయింపు తెచ్చుకుంది. అంచనా లేకపోతే కూలీ పేరు రాసుకునేవాళ్లే ఉండరు.

చేతులు మారిన పొగ

సీల్ కేంద్రాల కథ అంతర్జాతీయ వాతావరణ రాజకీయాలను నెల్లూరు దాకా తీసుకొస్తుంది. సెంబ్‌కార్ప్ సింగపూర్ కంపెనీ. పర్యావరణానికి అనుకూలమైన కంపెనీగా మారతామని మదుపుదార్లకు మాటిచ్చింది. కృష్ణపట్నం బొగ్గు కేంద్రాలు దాని లెక్కల్లో పెద్ద మచ్చ. 2022లో వాటిని ఒమన్ పెట్టుబడిదారుల సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. 2023 జనవరిలో అమ్మకం పూర్తయింది. కొనుగోలు డబ్బును కొనేవాళ్లకు సెంబ్‌కార్ప్ తానే అప్పుగా ఇచ్చి, వాయిదాల్లో తీసుకునేలా ఒప్పందం చేసుకుంది. అమ్మకం వల్ల తమ ఉద్గారాల తీవ్రత బాగా తగ్గుతుందని కంపెనీ చెప్పుకుంది.

కంపెనీ పుస్తకంలో ఆ మాట నిజమే. నేలటూరు, పైనాపురం పరిసరాల ఆకాశంలో మాత్రం ఏమీ మారలేదు. అదే బాయిలర్, అదే బొగ్గు, అదే పొగ గొట్టం. మారింది యజమాని పేరు. ఉద్గారాలు తగ్గించామన్న ఏ ప్రకటన చూసినా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. మండటం తగ్గిందా, లెక్క రాసుకునే పుస్తకం మారిందా?

ప్రభుత్వ కేంద్రం విషయంలోనూ యాజమాన్యం ప్రశ్న వచ్చింది. 2022లో సంజీవయ్య కేంద్రం నిర్వహణను ప్రైవేటుకు అప్పగించే ప్రతిపాదన మీద ఉద్యోగులు ఆందోళనకు దిగారు. ప్రభుత్వ సంస్థలో కనీసం ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంటుంది. ప్రైవేటు నిర్వహణలో అది ఉండదు. భూమి ఇచ్చినందుకు మిగిలిన ఒక్క దారి కూడా అలా మూసుకుపోతుంది.

బొగ్గు మీద వేసిన పన్ను ఎటు పోయింది

కార్బన్‌కు మన దేశంలో ధర లేదంటారు. కొంతవరకు ఉండేది. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టారు. 2016కి అది 400 అయింది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల దేశీయ బొగ్గు అవసరమనుకుంటే యూనిట్‌కు దాదాపు 26 పైసలు. స్వచ్ఛ ఇంధనానికి నిధి సమకూర్చడం దీని ఉద్దేశం. 2017లో జీఎస్టీ రాగానే దీన్ని రాష్ట్రాల పరిహార సెస్సులో కలిపేశారు. 2025 సెప్టెంబరులో ఆ సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఈ పదిహేనేళ్లలో బొగ్గు కేంద్రం పక్కన ఉండే కుటుంబానికి ఈ డబ్బులో వాటా అన్న ఊసే విధానంలో లేదు.

గనులున్న చోట్ల 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. తవ్విన ఖనిజం రాయల్టీలో కొంత భాగం ప్రభావిత ప్రాంతాలకు ఖర్చు పెట్టాలి. అది తవ్వకానికి వర్తిస్తుంది, మండించడానికి కాదు. ఒడిశాలో తవ్విన బొగ్గుకు అక్కడి జిల్లాలో నిధి పుడుతుంది. అదే బొగ్గు ముత్తుకూరులో మండితే ఇక్కడ అలాంటి నిధి లేదు. 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం అల్యూమినియం, సిమెంటు వంటి పరిశ్రమలతో మొదలైంది. విద్యుత్ కేంద్రాలను మొదటి దశలో పక్కన పెట్టారు. గంధక వాయువులను అరికట్టే పరికరాలు పెట్టాలని 2015లో వచ్చిన ఆదేశానికి గడువు మీద గడువు ఇచ్చి, 2025 జులైలో ఎక్కువ కేంద్రాలకు మినహాయింపే ఇచ్చారు. మినహాయింపుకు గీటురాయి పది లక్షలు దాటిన నగరానికి, లేదా తీవ్ర కాలుష్య ప్రాంతానికి కేంద్రం ఎంత దగ్గర ఉందన్నది. పల్లెల పక్కన పొగ పట్టింపు లేదన్నమాట.

అంబేడ్కర్ కోరిన విద్యుత్తు

ఇక్కడ ఒక అపార్థాన్ని పక్కన పెట్టాలి. విద్యుత్తును వ్యతిరేకించడం దళిత ఉద్యమ సంప్రదాయం కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖతో పాటు విద్యుత్ విధానాన్ని కూడా చూసింది బాబాసాహెబ్ అంబేడ్కరే. చౌకైన, పుష్కలమైన విద్యుత్తు లేకుండా పరిశ్రమలు రావని, పరిశ్రమలు రాకుండా పేదరికం పోదని 1943లో విద్యుత్ విధాన కమిటీ ముందు ఆయన వాదించారు. విద్యుత్తు ప్రభుత్వ రంగంలో ఉండటం మేలన్న వైపు ఆయన మొగ్గారు.

ఆయన అడిగిన చౌకదనం వాడేవాడికి చౌక. కృష్ణపట్నంలో జరిగింది కట్టేవాడికి చౌక. మొదటిది ధరను సమాజం పంచుకోవడం. రెండోది ధరను ఒక కులం, ఒక తెగ, ఒక తీరం మీదికి తోసేయడం. ఈ తేడా పట్టుకుంటేనే వాతావరణ చర్చలో దళిత వైపు స్పష్టంగా మాట్లాడగలం.

ఆకుపచ్చ రంగు వేసినా

బొగ్గు పోయి సౌర విద్యుత్తు వస్తే సమస్య తీరుతుందా? కార్బన్ వరకు తీరుతుంది. మిగతాది తీరదనడానికి 2025లో కరేడు సాక్ష్యం ఇచ్చింది. ఉలవపాడు మండలంలోని ఈ తీర గ్రామంలో ఇండోసోల్ సంస్థ సోలార్ పరికరాల పరిశ్రమ కోసం 8 వేలకు పైగా ఎకరాలు సేకరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. రైతులు, కూలీలు, దళితులు, యానాదులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. పచ్చని పంట పొలాలు ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. తయారయ్యేది సోలార్ పలక అయినా భూమి తీసుకునే పద్ధతి బొగ్గు కాలం నాటిదే.

కాయా సూత్రంలో నాలుగో అంకె తగ్గుతుంది. నేల మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంటుంది. కార్బన్ తగ్గాలన్న కోరిక ఎంత న్యాయమైనదైనా, దాని భూమి ఖర్చు మళ్లీ అదే వాడల మీద పడితే అది అన్యాయంగానే మొదలవుతుంది.

కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగిన పనులు

ఈ లెక్కలు నిపుణుల సొత్తు కాదు. అందరికీ అందుబాటులో ఉన్న దారులు కొన్ని ఇక్కడ చెబుతున్నాం.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దేశంలోని విద్యుత్ కేంద్రాల కార్బన్ డయాక్సైడ్ వివరాలను యూనిట్ల వారీగా ప్రచురిస్తుంది. పైన మేము వేసిన అంచనాను అసలు అంకెలతో సరిచూసుకోవచ్చు.

పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఆరు నెలలకోసారి, జూన్, డిసెంబరు నెలల మొదట్లో, షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడదగిన పత్రం. బూడిద చెరువు, సముద్రంలోకి వదిలే నీటి వేడి, స్థానికులకు ఉపాధి షరతులు అందులో ఉంటాయి. దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగాలి.

విద్యుత్ నియంత్రణ మండలి ఏటా టారిఫ్ మీద బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా అభ్యంతరం ఇవ్వవచ్చు. స్థిర చార్జీల గురించి పరిశ్రమల సంఘాలు, రైతు సంఘాలు మాట్లాడతాయి. ప్రభావిత గ్రామాల దళిత సంఘాలు ఎందుకు మాట్లాడకూడదు?

డీకేటీ భూమి ఉన్న కుటుంబాలు పట్టా, అడంగల్, వారసత్వ ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. భూమి 22-ఏ నిషేధ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. 2023 సవరణ ప్రకారం అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూమి మీద పూర్తి హక్కులు వస్తాయి. అది రక్షణ కూడా, ప్రమాదం కూడా. అమ్మే హక్కు వచ్చిన మరుసటి రోజు నుంచే దళారి గుమ్మం ముందు ఉంటాడు.

ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అభివృద్ధి పేరు చెప్పినంత మాత్రాన అక్రమం సక్రమం కాదు.

చివరిగా, కూలీల జాబితా. ఏ ప్రాజెక్టు మాట వినిపించినా, సర్వేయర్ రాకముందే ఎవరెవరు ఏ పొలంలో, ఏ పాయలో, ఎన్నేళ్లుగా పని చేస్తున్నారో వాడవాడలా రాసి పెట్టుకోవాలి. గ్రామసభలో తీర్మానం చేయించాలి. చట్టం మూడేళ్ల ఆధారం అడుగుతుంది. ఆ ఆధారం ప్రభుత్వం దగ్గర ఉండదు, మన దగ్గరే ఉండాలి. మత్స్యకారేతరులన్న పేరు మళ్లీ మనకు తగలకుండా ఉండాలంటే మన పేరు మనమే ముందు రాసుకోవాలి.